పొగకొండ ఎక్కిన నూలుపోగు

కార్తీకం దగ్గరపడేకొద్దీ కూర్మారావుకి అన్నం సయించడం మానేసింది. సన్యాసమ్మ మళ్ళీ తప్పిపోతే ఎలాగ? అదీ బెంగ.

పోయినేడు జరిగిందది. పొగకొండ మీద దాలమ్మగారి గురువు సమాధి ఉంది. ఏటా కార్తీకంలో ఆవిడ శిష్యులు నడిచి ఎక్కుతారు. దారంతా అడవి, అడవంతా మంచు. పక్కనోడి మొహం పక్కనోడికి కనపడదు. అందర్లోకీ కాళ్ళు గట్టివని కూర్మారావుని ముందు నడవమన్నారు. నడిచాడు. బాగానే నడిచాడు. పైకెళ్ళి వెనక్కి తిరిగితే సన్యాసమ్మ లేదు. రెండు గంటలు కొండంతా అరిచి గొంతులు పోగొట్టుకున్నాక, ఓ రాతి మీద కూచుని చుట్ట కాల్చుకుంటూ కనపడింది.

"ఏటర్రా, అందరూ ఎక్కడ తప్పిపోయారు?" అని ఎదురు వీళ్ళనే అడిగింది.

నవ్వేశారు గానీ ఊళ్ళో నవ్వలేదు. ముసలాళ్ళని తీసుకెళ్ళి అడవిలో పారేస్తారా అని ఇంటింటా రభస. ఆఖరికి ఒక మాట అనుకున్నారు. ఈ యేడు పదకొండుమంది ఎక్కితే పదకొండుమందీ పైకి చేరాలి. ఒక్కరు తప్పినా ఇక యాత్ర మాటెత్తకూడదు.

దాలమ్మకి డెబ్బై దాటాయి. నూలు వడుకుతుంది. కాషాయం లేదు, పీఠం లేదు. రాట్నం ముందు ఓ గోనెపట్టా, అంతే. ఎవరికే కష్టమొచ్చినా ఆ పట్టా మీద వచ్చి కూచుంటారు. ఆవిడ చేతిలో ఒక దూది ఏకు అయిపోయి ఇంకో ఏకు అందుకునే లోపల ఏదో ఓ ముక్క అంటుంది. అనకపోతే అదీ జవాబే. ఆవిడ ఉపదేశం చెప్పగా చూసినవాళ్ళు లేరు. అయినా పట్టా ఖాళీగా ఉన్న రోజూ లేదు.

కూర్మారావు క్యాలెండర్ కాయితం వెనకాల దారంతా గీసుకొచ్చి పట్టా మీద పరిచాడు. వ్యాన్ ఎక్కడ ఆగుతుంది, టీ ఎక్కడ, వాగు ఎన్నింటికి దాటాలి, వెదురు పొదల దగ్గర ఎంతసేపు కూచోవాలి, అన్నీ రాశాడు. కింద పేర్లు కూడా.

దాలమ్మ రాట్నం ఆపకుండానే చూసింది.

"పది పేర్లే ఉన్నాయి."

"సన్యాసమ్మకి మోకాళ్ళు బాగోలేవు కదమ్మా..."

"ఆవిడ మోకాళ్ళు ఆవిడవి. పేరు రాయి."

రాశాడు. "అయితే ఇంకోటమ్మా. ఈసారి తాడు తెస్తాను. ఇరవయ్యేళ్ళ నుంచి లారీ తోల్తన్నాను, నేను తాడేసి బిగించాక ఒక్క బస్తా జారలేదు. అందరికీ నడుముకి కట్టేసి కొస నేను పట్టుకుంటాను. ఎవరు ఆగినా ఓ ఊపు ఊపి లాగెయ్యొచ్చు."

దాలమ్మ ఏకు అందుకుంది.

"తెచ్చుకో," అంది.

ఆ మాటతో కూర్మారావు రెండు పూటల అన్నం ఒక్కసారే తిన్నాడు.

కొండ కింద వ్యాన్ దిగేసరికి తెల్లారింది. తెల్లారిందంటే చీకటి పోయి మంచు వచ్చింది, అంతే. చెట్లకి మొదళ్ళే ఉన్నాయి, తలలు లేవు. వాన లేకుండానే ఆకుల మీంచి టపటపా చినుకులు. కూర్మారావు బొటనవేలంత లావు తాడు భుజాన వేసుకుని, బస్తాలు లెక్క చూసుకున్నట్టు మనుషుల్ని చూసుకుంటున్నాడు.

"దిగేటప్పటి అన్నం మూటలు కిందే వదిలెయ్యాలి కదా," అంది దాలమ్మ. "కోతులుంటాయి. తాడుతో బిగించి ఆ కొమ్మకి వేలాడదియ్యి."

"తాడు మనకి కావాలి కదమ్మా?"

"అన్నమూ కావాలి."

కట్టాడు. లారీ ముడి వేశాడు, ఏ కోతీ విప్పలేదు. చెట్టు దిగి రాగానే దాలమ్మ కొంగులోంచి నూలు ఉండ ఒకటి తీసి కొస అతని వేలికి చుట్టింది. ఆవిడ వడికిన పోగే. కంటికి ఆనాలంటే వెలుతురులో పెట్టి చూడాలి.

"ఇదేటమ్మా?"

"అందరూ వేలికి చుట్టుకుని నడవండి."

"ఇది ఊదితే తెగిపోద్ది!"

"తెగితే ముడెయ్యి."

ఉండ విప్పుకుంటూ పోగు ఒక్కొక్కరి వేలికీ చేరింది. దాలమ్మ మధ్యలో నిలబడింది. ఆఖరి కొస సన్యాసమ్మది. తన వెనకాల మనిషి ఉంటే ఎవరో తరుముతున్నట్టు ఉంటుందని ఆవిడ ఎప్పుడూ ఆఖర్నే నడుస్తుంది.

వంద అడుగులు వెయ్యలేదు, తెగింది.

కూర్మారావు వెనక్కొచ్చి ముడేశాడు. వాగు దాటాక తెగింది. ముడేశాడు. వెదురు పొదల దగ్గర రెండు చోట్ల తెగింది. ముడేస్తూ సణిగాడు. "తాడుంటే ఈపాటికి సగం ఎక్కేసేవాళ్ళం."

"ఒరే కూర్మా," అని వెనకాల మంచులోంచి సన్యాసమ్మ గొంతు వినపడింది, "నీకు తాబేలు పేరు పెట్టి మీ అమ్మ మంచి పనే చేసింది. ఆ పేరైనా నడకలోకి వస్తాదేమో చూడు!"

పదిమందీ నవ్వారు. దాలమ్మ కూడా.

అయిదోసారి తెగాక అతనికి కోపం పోయి పట్టుదల వచ్చింది. దీన్ని తెగనివ్వకుండా ఎక్కుతాను, చూస్తాను అనుకున్నాడు. చెయ్యి వెనక్కి చాపి, వేలు వదులుగా పెట్టి, అడుగు తీసి అడుగు వేశాడు. పోగు సాగినట్టు అనిపిస్తే ఆగాడు. వదులైతే కదిలాడు.

కాసేపటికి పోగు అతనికి సంగతులు చెప్పడం మొదలెట్టింది. చిన్నగా వణికితే వెనకాల ఎవరో దగ్గుతున్నారు. కిందికి వాలితే ఎవరో వంగి ముల్లు తీసుకుంటున్నారు. నిదానంగా సాగి నిదానంగా వదిలితే ఎత్తైన రాయి మీదికి ఒక్కొక్కరే ఎక్కుతున్నారు. ఇదంతా వెనక్కి తిరక్కుండానే తెలుస్తోంది. ఏటా వస్తూ, ఏనాడూ చూడనివి కూడా కనపడ్డాయి. రాతి మీద పచ్చటి పాచి మీద నీటి బొట్లు వరసగా నిలబడి ఉన్నాయి. అడవి పసుపు వాసన కొట్టింది. ఏదో పిట్ట ఒక్కటే కూత కూసి, జవాబు వచ్చేదాకా ఆగి, మళ్ళీ కూసింది. మంచు చెట్ల మధ్యనుంచి నడిచి వచ్చి, వీళ్ళని దాటి, దాని దారిన అది పోయింది.

బాగుందిరా నాయనా అనుకున్నాడు కూర్మారావు. ఇన్నేళ్ళూ ఏం చూశాను నేను?

గుర్రంమెడ అనే చోటు వచ్చింది. దారి అక్కడ రెండు జానలే. ఎడమ పక్క కొండ లేదు, తెల్లటి మంచే. కింద ఎక్కడో జలపాతం హోరు. అరిచినా నాలుగడుగుల అవతలికి వినపడదు.

సగం దాటాక పోగు ఆగింది.

బిగవలేదు. వదులవలేదు. వణకలేదు. ఊరికే నిలబడిపోయింది.

కూర్మారావు చెయ్యి ఇరవయ్యేళ్ళ అలవాటు కొద్దీ లాగడానికి లేచింది. లేచింది గానీ ఆగిపోయింది. లాగితే తెగుతుంది.

వేలికున్న కొసని మెల్లిగా తీసి ఓ పొద కొమ్మకి చుట్టి, పోగుని తాకుతూ వెనక్కి వచ్చాడు. ఒక్కొక్కరే కొండ వైపు ఒత్తుకుని దారిచ్చారు. దాలమ్మా దారిచ్చింది.

ఆఖర్న సన్యాసమ్మ.

కాలి కింద రాయి జారినట్టుంది. దారి అంచున చతికిలబడి ఉంది. ఒక కాలు అవతల మంచులో వేలాడుతోంది. ఎడం చేత్తో గడ్డి దుబ్బు పట్టుకుంది. కుడి చెయ్యి మాత్రం తలకంటే ఎత్తుగా లేపి ఉంచింది, వేలికి పోగుతో సహా.

కూర్మారావు ఊపిరి బిగబట్టి వంగాడు. రెండు చంకల కిందా చేతులేసి, అరచేయంత, అరచేయంత వెనక్కి జరిపాడు. ఇద్దరి వీపులూ కొండకి ఆనాక గానీ ఊపిరి వదల్లేదు.

"అరవొచ్చు కదే పెద్దమ్మా!"

"అరిస్తే జారతానేమోనని భయమేసింది."

"మరి ఆ చెయ్యి ఎందుకు ఎత్తావు? రెండు చేతుల్తోనూ గడ్డి పట్టుకోవాలా వద్దా?"

"తెగిపోద్దని!" అంది సన్యాసమ్మ. "తెగితే నువ్వు సణుగుతావు కదరా."

తాడే ఉంటే ఈపాటికి ఓ ఊపు ఊపేసేవాణ్ణి అనుకున్నాడు కూర్మారావు. ఆవిడ నడుం వైపు చూశాడు. ఆ పక్కనున్న మంచులోకి చూశాడు. తాడు లాగి లాగి కాయలు కాసిన అరచేతుల్ని పంచెకి తుడుచుకున్నాడు. మళ్ళీ తుడుచుకున్నాడు.

లేచి ముందుకి పోయి, పొద కొమ్మకున్న కొస విప్పి వేలికి చుట్టుకున్నాడు. పోగు వణికే దాకా ఆగాడు. వణికింది. అప్పుడు అడుగేశాడు.

మధ్యాన్నం దాటి చాలాసేపయ్యాక పైకి చేరారు. క్యాలెండర్ కాయితం ప్రకారం అప్పటికి కిందికి దిగుతూ ఉండాలి. పదకొండుమందీ సమాధి చుట్టూ కూచున్నారు. సన్యాసమ్మ చుట్ట వెలిగించింది. కింద మంచు పడుకుని ఉంది, పైన ఎండ.

దిగాక కొమ్మకున్న మూటలు విప్పి, అందరికీ అన్నం పెట్టి, తాడు చుట్ట చుట్టి వ్యాన్‌లో పడేశాడు. లారీకి పనికొస్తుంది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి దాలమ్మ పట్టా మీద కూచున్నాడు. కాయితం తేలేదు.

"ఏటిరా?"

"పై యేటికి పోగు ఎవరు వడుకుతారమ్మా?"

దాలమ్మ కొంచెం పక్కకి జరిగింది. రాట్నం పిడి అతని చేతికిచ్చి, ఏకు అందించింది.

లారీ స్టీరింగ్ తిప్పినట్టు తిప్పాడు. జానెడు వచ్చిందో లేదో, పుటుక్కుమంది.

"తెగింది," అన్నాడు.

"తెగుద్ది," అంది దాలమ్మ, ఇంకో ఏకు అందిస్తూ.