కుంచెవారి పాము

ఆ రాజ్యంలో కుంచెలన్నీ అధికారి విరూపాక్షయ్యవే. వాటిని అరువిచ్చే పత్రంలో ఆయన ఒక్క మాటే రాసుకున్నాడు: "నా కుంచెతో గీసినదంతా నాదే." దయామయుడు, గీసిన చేతుల్ని మాత్రం వదిలేశాడు!

కుమ్మరి ఈరమ్మ, మరో నలుగురు కలిసి పిల్లలకోసం పైసా ఆశించకుండా అరువు కుంచెలతో ఏడాదిపాటు వైకుంఠపాళి పటం గీశారు. విరూపాక్షయ్య పత్రం చూపించి దాన్ని లాక్కున్నాడు. "నా సృష్టి" అంటూ రాజుగారికి సమర్పించాడు.

రాజుగారు ఆడటానికి కూర్చుంటే, రాణిగారి ఎదుటే పటంలోని పెద్దపాము ఆయన్ని మూడుసార్లు మింగింది.

"ఎవడిదిరా ఈ పాము?" రాజు గర్జించాడు.

"ఆ ఈరమ్మ వాళ్లది, ప్రభూ!" అన్నాడు విరూపాక్షయ్య.

పిలిపిస్తే ఈరమ్మ వచ్చి చేతులు జోడించింది. "గీసింది మేమే, ప్రభూ. కానీ పత్రం ప్రకారం అంతా అయ్యగారిదే. నిచ్చెనలు ఆయనవీ, పాము మాదీనా?"

"పటమంతా వాళ్లదే!" విరూపాక్షయ్య గబగబా చేతులు దులుపుకున్నాడు.

"ఆ ముక్కే రాసి ముద్ర వేయండయ్యా," అంది ఈరమ్మ.

వేశాడు. ఆయన పిల్లిమొగ్గకు రాజుగారు పకపకా నవ్వి, పటం ఈరమ్మకిచ్చేశారు.

మర్నాడు ఈరమ్మ మళ్లీ కుంచె అరువు తెచ్చి, పాము తలకు అచ్చం విరూపాక్షయ్య తలపాగా చుట్టింది. పత్రం ప్రకారం అది మాత్రం ఆయనదే.