వెళ్లొస్తానన్న మాట

ఒకానొక రాజ్యంలో, కోటగోడ నీడ ఊరంతటినీ కప్పేసేంత చిన్న రాజ్యంలో, కొండమరాజుగారని ఒక రాజుండేవారు. మనిషి మంచివారే. కాకపోతే ఏ మాటకైనా తాను చెప్పిందే అర్థం అనుకునేవారు.

ఒకనాడు విందుకొచ్చిన సామంతుడికి విస్తళ్లు వేసే వేళ ఇంటినుంచి కబురొచ్చింది. "వెళ్లొస్తాను ప్రభూ" అని లేచాడు. వస్తానన్నాడు కదా అని రాజుగారు విస్తరి ముందు కూర్చుని ఎదురుచూశారు. పులుసు చల్లారింది. పొద్దు వాలింది. అప్పటికి సామంతుడు తన ఊళ్లో కాళ్లు కడుక్కుంటున్నాడు.

ఆ ఆకలి కోపంలో రాజుగారు దండోరా వేయించారు. మాటకు ఒకటే అర్థం. వెళ్లొస్తానన్నవాడు పొద్దుగూకేలోగా తిరిగి రావాలి. రాలేనివాడు పోతాననే చెప్పాలి. మాట తప్పితే మళ్లీ కోట గడప తొక్కకూడదు.

పోతానని ఏ నోరంటుంది చెప్పండి. అందుకని జనం గడప దాటేటప్పుడు మాట్లాడటమే మానేశారు. చుట్టాలు కూడా దొంగల్లా చప్పుడు చేయకుండా లేచిపోయేవారు.

ఆ కొలువులో నలుగురినీ నవ్వించే పని పేరిభట్టుది. రాకుమారి పెళ్లికి గాజులు తెచ్చిన సింగమ్మను భటులు కొలువులోకి తీసుకొచ్చిననాడు మాత్రం అతనికి నవ్వు రాలేదు. సింగమ్మ ఏడాదికోసారి గాజుల మలారం భుజాన వేసుకుని కోటకొస్తుంది. పోయినేడు అలవాటు కొద్దీ రాణివాసంలో వెళ్లొస్తానమ్మా అనేసిందట.

"అన్నావా?" అన్నారు రాజుగారు.

"అన్నాను దొరా."

"మరి వచ్చావా?"

"ఇదుగో, వచ్చాను కదా దొరా."

కొలువంతా నవ్వాపుకుంది. రాజుగారి మొహం కందగడ్డయింది. ఇక కోటలోకి రావద్దని తీర్పు చెప్పారు. కోట గాజులమీదే ఆమెకు ఏడాది గ్రాసం. మలారాన్ని పట్టుకున్న ఆ చేతులవైపు పేరిభట్టు చూశాడు. తన తల్లికి గాజులు తొడిగిన చేతులే అవి.

రాజుగారితో వాదిస్తే రాయికి నీళ్లు పోసినట్టే. అందుకే ఒక్కటే అడిగాడు. పెళ్లింట గాజులమ్మ కన్నీరు మంచిది కాదు, రాకుమారి పల్లకి ఎక్కేదాకా తీర్పు ఆపమన్నాడు. రాజుగారు సరేనన్నారు. ఆ సాయంత్రం పేరిభట్టు రాకుమారి వీరమాంబతో ఏదో చెప్పాడు. ఆమె ముందు నవ్వింది, తర్వాత కళ్లు తుడుచుకుంది.

అప్పగింతల వేళ అయింది. చేతినిండా సింగమ్మ తొడిగిన గాజులతో వీరమాంబ తండ్రి కాళ్లకు మొక్కింది.

"పోతాను నాన్నగారూ."

సన్నాయి ఆగిపోయింది. ఆడవాళ్లు చెవులు మూసుకున్నారు. దీవించబోయిన రాజుగారి చెయ్యి గాలిలోనే నిలిచిపోయింది.

"అదేం మాట తల్లీ. వెళ్లొస్తాననాలి."

"పొద్దుగూకేలోగా రాలేను కదా. మాట తప్పితే మళ్లీ ఈ గడప తొక్కనివ్వరుగా."

ఇది ఎవరు నేర్పిన మాటో రాజుగారికి తెలిసిపోయింది. పేరిభట్టు వైపు చూశారు.

"ప్రభూ," అన్నాడతను మెల్లగా, "వెళ్లొస్తానన్న మాట మర్యాదలు చాలని అల్లుడంటే, అలిగి లేస్తున్నానని. గాజులమ్మ అంటే మళ్లీ ఏడు కనబడతానని. యుద్ధానికి వెళ్లే బంటూ ఆ మాటే అంటాడు, ఎదురుచూస్తూ ఉండమని. ఆడపిల్ల అంటే మాత్రం, ఈ ఇల్లు ఇంకా నాదే కదా అని అడగడం. ఎప్పుడొస్తారో వాళ్లకూ తెలీదు. తెలీదు కనకే అంటారు."

గాలిలో ఆగిన చెయ్యి కూతురి తలమీదికి దిగింది.

"వెళ్లిరా తల్లీ."

"కాస్త పొద్దు చూసి అనండి ప్రభూ," అన్నాడు పేరిభట్టు.

కంటినీరు చెంపమీద ఉండగానే రాజుగారు పకపకా నవ్వారు. దండోరా రద్దు చేశామన్నారు. తన ముంజేతి కంకణం తీసి పేరిభట్టుకిచ్చారు. అతని లావు చేతికి అదెంతకీ ఎక్కలేదు. సింగమ్మే వచ్చి, వేళ్లు దగ్గరికి నొక్కి, నెమ్మదిగా ఎక్కించింది.

పల్లకి కనుమరుగయ్యాక ఆమె మలారం భుజానికెత్తుకుంది.

"వెళ్లొస్తాను దొరా."

"మంచిది సింగమ్మా," అన్నారు రాజుగారు. ఎప్పుడని అడగలేదు.