వరాలు విప్పిన పీలిక

అనగా అనగా, ఏరు ఏడాది పొడవునా నిండుగా పారే రోజుల్లో, దాని ఒడ్డున ఏటేటా కొండదేవతకు తీర్థం జరిగేది. రంగులరాట్నాలు, తోలుబొమ్మలు, చక్కెర చిలకలు, ఇసుక వేస్తే రాలనంత జనం. అంత జనంలో పిల్లలు తప్పిపోవడం మామూలే.

అందుకని అక్కడ ఒక ఆచారం ఉండేది. తీర్థానికి బయలుదేరేటప్పుడు తల్లి తన చీర కొంగు చింపి, ఒక్కో పీలిక ఒక్కో బిడ్డ చేతికి కట్టేది. తప్పిపోయిన పిల్లల్ని ఎవరు చూసినా తెచ్చి పెద్ద పందిరి కింద కూర్చోబెట్టేవారు. అదే గుడ్డ తెచ్చి చూపినవారికి పందిరి పెద్ద ఆ పిల్లల్ని అప్పగించేవాడు. తాతల నాటి నుంచి అదే పద్ధతి.

ఆ ఏడు పైడమ్మ అనే ఆవిడ తన ఇద్దరు పిల్లలతో వచ్చింది. కూతురు వరాలుకి ఎనిమిదేళ్ళు, కొడుకు సింహాద్రికి మూడు. పసుపు చీర కొంగు చింపి ఇద్దరికీ కట్టి, "తమ్ముడి చెయ్యి వదలకు తల్లీ" అంది. దేవత ఊరేగింపు వచ్చేసరికి జనం ఒక్కసారిగా తోసుకున్నారు. అమ్మ చెయ్యి జారిపోయింది. తమ్ముడి చెయ్యి మాత్రం వరాలు వదల్లేదు.

ఎవరో ఇద్దర్నీ పందిరికి చేర్చారు. పందిరి పెద్ద రామినాయుడు ధర్మం తప్పని మనిషి. "భయపడకండి, మీ అమ్మ వచ్చేస్తుంది" అని మంచినీళ్ళు ఇచ్చాడు.

కాసేపటికి ఒక నడివయసు మనిషి వచ్చింది. నుదుట రూపాయి కాసంత బొట్టు, ముఖం నిండా నవ్వు. "వీళ్ళమ్మకి నేను అక్క వరస బాబూ. అది అవతల ఎదురుచూస్తోంది" అని పసుపు పీలిక తీసి చూపింది. రామినాయుడు సరిచూశాడు. అదే నూలు, అదే అంచు.

వరాలు ఆమెను ఎప్పుడూ చూడలేదు. కానీ చూడని చుట్టాలు ఎంతమంది లేరు? అయినా మనసు ఎందుకో వద్దంది. "నేను రాను" అంది.

ఆమె కోప్పడలేదు. చక్కెర చిలక తీసి సింహాద్రి చేతిలో పెట్టింది. వాడు నవ్వుతూ ఆమె వైపు అడుగు వేశాడు. వరాలు వెనక్కి లాగి, "మేం రాము" అంది.

అప్పుడామె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అవతల తల్లి బెంగతో సొమ్మసిల్లి పడుంది బాబూ. దీనికి అదేం పట్టదు."

చుట్టూ ఉన్నవాళ్ళ మనసు కరిగింది. ఎంత మొండిపిల్ల అనుకున్నారు. వరాలుకి ఏడుపొచ్చింది. అమ్మ నిజంగానే పడిపోయి ఉంటే? తన వల్ల అమ్మకేమైనా అయితే? అయినా తమ్ముడి చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఎందుకు వెళ్ళవమ్మా? ఆమె ఏమైనా అందా?" అని రామినాయుడు అడిగాడు.

"లేదు తాతా."

"మరి?"

"నాకు తెలీదు. లోపల వద్దంటోంది."

"గుడ్డ కలిసింది కదా తల్లీ. కలిశాక ఆపడానికి నాకు హక్కు లేదు" అని ఆయన వరాలు భుజం పట్టి లేపాడు.

వరాలు తన చేతి పీలికను పళ్ళతో విప్పింది. తమ్ముడిదీ విప్పింది. రెండూ ఆమె ముందు పెట్టింది. "కలిసింది గుడ్డే కదా తాతా. గుడ్డని తీసుకెళ్ళమనండి. అమ్మ వచ్చేదాకా మేం ఇక్కడే ఉంటాం."

 రామినాయుడు ఆ పిల్ల భుజం వదిలేశాడు. ఆమె వైపు తిరిగి, "వీళ్ళ తల్లినే తీసుకురండి" అన్నాడు. ఇప్పుడే పిలుచుకొస్తానని వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు.

పొద్దు వాలుతుండగా పైడమ్మ పరుగున వచ్చి ఇద్దర్నీ గుండెకు హత్తుకుంది. రామినాయుడు ఆమె కొంగు చూశాడు. పిల్లల కోసం ఆమె చింపినవి రెండు పీలికలు. కొంగుకి చిరుగులు మూడున్నాయి. మూడోది ఆ తోపులాటలో ఎవరు కోసుకుపోయారో ఆమెకు తెలియదు.

రామినాయుడి ముఖం పాలిపోయింది. మధ్యాహ్నం ఎర్ర పీలిక కట్టుకున్న పిల్ల ఒకతి "రాను, రాను" అని ఏడుస్తుంటే, గుడ్డ కలిసిందని మామయ్యనంటూ వచ్చిన ఎవరికో తన చేతులతోనే అప్పగించాడు. పిల్లల ఏడుపు మామూలే అనుకున్నాడు.

ఏరు దాటించే పడవలు దీపాల వేళకు గానీ కదలవు. వెంటనే డప్పు కొట్టించి రేవులో అన్నిటినీ ఆపించాడు. చివరి పడవలో, గోనెల చాటున ఆ పిల్ల దొరికింది. పక్కనే ఆ మామయ్యా, పెద్ద బొట్టు మనిషీ ఉన్నారు. ఏడ్చి ఏడ్చి ఆ పిల్లకు గొంతు పోయింది. రామినాయుడు ఎత్తుకుని, "నీ మాట వినలేదమ్మా" అంటూ తనూ ఏడ్చాడు.

మరుసటి ఏడు కూడా తల్లులు పీలికలు కట్టారు. కానీ గుడ్డ కలిశాక రామినాయుడు మోకాళ్ళ మీద కూర్చుని, "వెళ్తావా తల్లీ?" అని బిడ్డను అడిగేవాడు. వెళ్ళనంటే ఎందుకని అడిగేవాడు కాదు.

కనుక పిల్లలూ, మనసు వద్దన్నప్పుడు కారణం దొరకలేదని దాని నోరు నొక్కకండి; పెద్దలూ, ఆ మాట చెప్పిన బిడ్డ చెయ్యి వదలకండి.