జెర్రిపోతుకు పరుపు

ఒళ్ళు కాలిన పాముకి కింద ఏం పరచాలి? హుసేనప్పకు వచ్చిన చిక్కు ఇది.

చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ పాము పొట్ట మీదే నడుస్తుంది, పొట్ట మీదే పడుకుంటుంది. ఈ జెర్రిపోతుకి కాలింది సరిగ్గా అక్కడే. ఎవరో చేనిగట్టు మీద ఎండుగడ్డికి నిప్పు పెడితే, తప్పించుకుని పాక్కుంటూ వచ్చి, కొండ కింద ఇమాం తాత గుడిసె ముందు పడింది. తాత ఫకీరు. రెండేళ్ళుగా ఆయన పంచలో పడుకుంటూ సేవ చేస్తున్న శిష్యుడు హుసేనప్ప.

తాత పాముని చెక్కపెట్టెలో ఉంచి, పుండుకి పసరు రాసి, శిష్యుడికి ఒక మాట ఇచ్చాడు. ఇది మానిపోయి తనంతట తాను కొండెక్కిన రోజున నీకు నామం చెబుతానన్నాడు. గురువు చెవిలో చెప్పే ఆ ఒక్క నామం కోసమే హుసేనప్ప ఇల్లు వదిలి వచ్చాడు. అందుకని ఆ పాము బతకడం పాముకి ఎంత అవసరమో వాడికీ అంతే అవసరం.

మర్నాడే తాత దూరపు దర్గాలో ఉరుసుకి బయల్దేరాడు. వెళ్ళి రావడానికి పదిహేను రోజులు. వాగులో ఇసుక ఉంది, చెట్ల కింద ఎండుటాకులున్నాయి, ఇంట్లో పాత గోనెపట్టా ఉంది, పెట్టెలో ఏదో ఒకటి పరచమన్నాడు. గడప దాటినవాడు మళ్ళీ వెనక్కి తిరిగాడు.

"ఏదేసినా సరే, అది యాడ పండుకుంటాండాదో రోజూ చూడబ్బీ."

హుసేనప్ప బాగా ఆలోచించాడు. ఇసుక ఎండకి కాగుతుంది, పుండులో గుచ్చుకుంటుంది. ఆకులు చివికి పొడి అవుతాయి. ఊక తడికి అంటుకుంటుంది. రంపపు పొట్టు ముక్కులోకి పోతుంది. గోనె గరుకు. ఇలా ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చాడు. ఇంతవరకూ వాడి ఆలోచనలో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అన్నీ పోగా మిగిలింది దూది. వాడిది దూదేకుల ఇల్లు. తాతల నాటి నుంచి చుట్టుపక్కల పల్లెలన్నిటికీ పరుపులు కుట్టిన చేతులు. పడక సంగతి తనకి ఇంకొకరు చెప్పాలా అనుకున్నాడు. ఊళ్ళోకి పోయి నాన్న దగ్గర దూదేకే విల్లు అడిగి తెచ్చుకున్నాడు. బూరుగు దూదిని గింజ లేకుండా, నలక లేకుండా మూడుసార్లు ఏకాడు. పెట్టె కొలతకి అచ్చంగా సరిపోయే పరుపు కుట్టాడు.

గొర్రెలు తోలుకుపోతున్న ఎల్లప్ప పెట్టెలోకి తొంగిచూసి, పరుపు సరే, కొత్తల్లునికి దిండేదని అడిగాడు. ఎకసెక్కమని తెలిసి కూడా హుసేనప్ప మర్నాడు దిండు కుట్టాడు. ఆ వింత చూడటానికి పల్లెలోంచి జనం వచ్చారు. ఒకామె దూరం నుంచే చూసి, బాలింతగా ఉన్నప్పుడు తనకి కూడా ఇంత మెత్తని పడక దొరకలేదని నిట్టూర్చింది. ఆ మాటని వాడు చాలాసార్లు తలుచుకున్నాడు.

పాము మాత్రం పొద్దున చూస్తే పరుపు మీద ఉండేది కాదు. పరుపు అంచుని ముట్టెతో తోసి, సందు చేసుకుని, ఆ మూల వట్టి చెక్క మీద చుట్ట చుట్టుకుని ఉండేది. పాపం దీనికి సుఖం తెలియదు అనుకునేవాడు హుసేనప్ప. రోజూ దాన్ని రెండు చేతులతో పదిలంగా ఎత్తి, పరుపు మధ్యలో పెట్టేవాడు. అది దిగేది. వాడు పెట్టేవాడు. పరుపు మీది గలేబు బట్ట ఒరుసుకుంటోందేమోనని ఐదోరోజు గలేబు కూడా విప్పేశాడు. ఇక వట్టి దూది, వెన్న ముద్దలా.

తొమ్మిదోరోజున పాము, వాడు పెట్టెలో వదిలిన ఎలుకను మొదటిసారి పట్టింది. ఆ దూది మీదే మింగింది. సంతోషంలో హుసేనప్ప తన అన్నం తినడం మరిచిపోయాడు. పాము నోటి తడికి ఎలుకకి అంటుకుని దూది కూడా లోపలికి పోతుందన్నది వాడికి తోచలేదు.

తర్వాత అది ఇంకేమీ ముట్టలేదు. పద్నాలుగోరోజుకి తల ఎత్తడం మానేసింది. తాత తిరిగి వచ్చిన పొద్దున అది పరుపు మధ్యలో ఉంది. వాడు పెట్టిన చోటే ఉండటం అదే మొదటిసారి.

ఏకిన దూది, కుట్టిన దిండు, మెచ్చుకున్న జనం, అన్నీ ఏడుస్తూనే చెప్పాడు హుసేనప్ప. చెప్పి చెప్పి, చివరికి మనసులో ఉన్నది అడిగేశాడు.

"నామం ఇంక లేనట్లేనా తాతా?"

తాత భుజాన సంచి దించకుండానే కూర్చున్నాడు. చచ్చిన పాము పొట్ట వెంబడి వేలు పోనిచ్చాడు. ఒకచోట వేలు ఆగింది. అక్కడ చాకుతో చిన్న గాటు పెట్టాడు. నిమ్మకాయంత ఉండ బయటపడింది. దాన్ని నీళ్ళలో కడిగి, పిండి, శిష్యుడి అరచేతిలో పెట్టాడు.

"మింగుతాదని నాకేం తెలుసు తాతా."

"నిజమే, నీకు తెలీదు. పొద్దునపూట యాడ పండుకొనుండె?"

"మూలన. వట్టి చెక్క మీద."

"మరి దూది మీదికి ఎట్లొచ్చె?"

హుసేనప్ప చేతిలోని దూది ఉండని చూశాడు. "నేనే ఎత్తి పెడతాంటి."

"ఎన్నితూర్లు?"

"రోజూ."

తాత లేచి గుడిసెలోకి వెళ్ళాడు. మూలనున్న ఒక పెద్ద చుట్టని ఈడ్చుకొచ్చి వాడి ముందు పరిచాడు. దుమ్ము లేచింది. అది పరుపు. కొత్తగా చేరినప్పుడు హుసేనప్ప గురువు కోసం కుట్టినది. మెత్తగా ఉందా తాతా అని అడిగినప్పుడల్లా ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఒక పక్కంతా ఎలుకలు కొరికేసి ఉంది. నడుమ ఎవరూ పడుకున్న గుర్తు లేదు.

"మొదటిరోజే దిగి నేల మీద పండుకుంటి," అన్నాడు తాత. "నన్ను మళ్ళా ఎత్తి పెట్టేటోడు లేకపాయె. బతికిపోతి."