ముందు వరుస

కృపమ్మ టీచరు గొంతు పెంచడం ఆవిడ మేకలు కూడా ఎరగవు. చీరాలలో తన ఇంటి వాకిట్లో సాయంత్రాలు ఆడపిల్లలకు రసాయనశాస్త్రం చెప్పేవారు. ఆవిడ పీట చుట్టూ పాత శిష్యురాళ్లు, వాళ్ల వెనక కొత్తవాళ్లు కూర్చునేవారు. టీచరు మెల్లగా అన్న మాటను ముందువాళ్లు వెనక్కి అందించాలి, అది అక్కడి ఆనవాయితీ. ఆ పనిలో ముందు వరుస నవోమిని మించినవాళ్లు లేరు, ఆ సంగతి నవోమికీ బాగానే తెలుసు.

ఒకనాడు ఆమెకు సందేహం వచ్చింది. లిథియం కేంద్రకంలో ప్రోటాన్లు మూడే, పొటాషియంలో పంతొమ్మిది. అంత బలంగా లాగే పొటాషియం తన చివరి ఎలక్ట్రాన్‌ని లిథియం కన్నా తేలిగ్గా ఎందుకు వదులుకుంటుందని అడిగింది. టీచరు ఇంకా నోరు విప్పలేదు, ఈలోగా సుగుణ వచ్చింది. ఎప్పుడూ చివర్న, దడి దగ్గర కూర్చునే పిల్ల. బట్టల కొట్టువాళ్లు పనికి రమ్మని ఒక్కసారి కబురు చేశారట, అంతే, చదువు మానేస్తోంది. టీచరు ఇచ్చిన పుస్తకాలు తిరిగి ఇచ్చేద్దామని వచ్చింది. ఈ ఒక్క పాఠం విని వెళ్లమని టీచరు ఆమెను తన పక్కన కూర్చోబెట్టుకుని, నవోమిని దడి దగ్గరికి పంపారు.

అక్కణ్ణించి నవోమికి వీపులే కనిపించాయి. టీచరు గొంతు బొత్తిగా వినబడలేదు. ముందువాళ్లు అందించిన ముక్కలు అరాకొరా చెవిన పడ్డాయి. ఏడాదిగా ఆ పిల్ల ఇక్కడే కూర్చుంటోందని తలచుకుంటే ఆమె మనసు చివుక్కుమంది.

పాఠం అయ్యాక నవోమి లేచి దగ్గరికి వచ్చేసరికి, ఎందుకు వెళ్తున్నావమ్మా అని టీచరు సుగుణను అడుగుతున్నారు. సుగుణ తల వంచుకుంది.

"ఉండమని నన్నెవరన్నారండీ?"

"రోజూ అంటూనే ఉన్నాను కదే తల్లీ."

ఆ మాట నిజమే. పాఠం ముగించి లేచేటప్పుడు, "సుగుణా, రేపు తప్పకుండా రావాలి" అని టీచరు రోజూ అనేవారు. అది పాఠం కాదు గదా అని ముందువాళ్లెవరూ వెనక్కి అందించలేదు. నవోమీ అందించలేదు. ఆమె కళ్లనీళ్లతో ముందుకొచ్చి ఆ సంగతి చెప్పి సుగుణ చెయ్యి పట్టుకుంది. సుగుణ పుస్తకాలు మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

టీచరు అప్పుడు నవోమి వైపు తిరిగారు.

"పంతొమ్మిదీ లాగుతూనే ఉంటాయమ్మా. చివరి ఎలక్ట్రాన్ దూరాన ఉంటుంది, మధ్యలో తక్కినవి అడ్డం కూర్చుంటాయి. రేపట్నుంచి నువ్వు కాస్త పక్కకి జరుగు."