మిట్ట ముందు దాచిన ఊపిరి

జపాన్ ఉత్తరాన, మంచు బాగా కురిసే హొక్కయిదో పచ్చికల్లో యుకినో అనే పందెపు ఆడగుర్రం ఉండేది. చిన్న ఒళ్లు, పెద్ద నోరు. అప్పటికే ఎనిమిది పందేలు గెలిచింది. దాని పక్క కొట్టంలో తోమె అనే ముసలి గుర్రం ఉండేది. బరువుబండ్లు లాగే పందేల్లో మోకాళ్లు అరగదీసుకున్న ప్రాణం. తల్లిని వేరే ఊరికి పంపేసినప్పటి నుంచీ యుకినోకి ఆవిడే పెద్దమ్మ.

"ముసలిదానికి దాణా దండగ, అమ్మేస్తా" అన్నాడు యజమాని. యుకినో తిండి మానేసింది. మూడో రోజుకి ఆయనే దిగొచ్చాడు. "సరే, నీ ఆఖరి పందెం ఒకటుంది, అది కూడా గెలువు. ఇద్దరూ బతికినన్నాళ్లు ఇక్కడే ఉండండి."

ఆ పందెంలో పోటీకి వచ్చింది రైగో, మూడుసార్లు యుకినో వెనకే రెండోదిగా వచ్చిన మగగుర్రం. యుకినో గెలుపు గుట్టు లాక్కురమ్మని కోన్ అనే నక్కని పంపాడు.

"ఏమ్మా కోడలా, చివర్లో ఆ మిట్ట ఎక్కేటప్పుడు నీ ఒక్కదానికే రెక్కలెలా మొలుస్తాయి?" అన్నాడు నక్క, కంచె కింద దూరుతూ.

"రెక్కలూ లేవు, గిక్కలూ లేవు మామా. మిట్ట ఇంకాస్త దూరం ఉందనగా కొంచెం తగ్గి ఊపిరి దాచుకుంటా. బరువుబండి గుర్రాలు గుట్ట ముందు ఆగేది అందుకేగా! మా పెద్దమ్మ నేర్పింది."

నక్క వెళ్లాక తోమె నెత్తి బాదుకుంది. "పిచ్చిపిల్లా! వాడికి చెప్పేస్తావా?"

"నేర్చుకున్నప్పుడు లేని సిగ్గు చెప్పడానికెందుకు? నీ పేరు దాచి గెలిస్తే అది గెలుపేనా పెద్దమ్మా?"

అక్కడ కోన్ పకపకా నవ్వుతున్నాడు. "అడగ్గానే చెప్పేసింది రైగో! అసలు గుట్టు ఎవరైనా అలా చెబుతారా? పచ్చి అబద్ధం. నువ్వు తిరగేసి చెయ్యి. మిట్ట రాకముందే ఉన్న బలమంతా పెట్టి ఉరుకు."

"నీ బుర్రే బుర్ర మామా!"

పందెం రోజు మిట్ట ముందు రైగో బాణంలా దూసుకుపోయాడు. యుకినో వెనకపడింది. ఓడితే పెద్దమ్మని అమ్మేస్తారు. కాళ్లు ఉరకమంటున్నాయి. చెవిలో మాత్రం ముసలి గొంతు: "ఆగు తల్లీ, పీల్చు." తగ్గింది, పీల్చింది.

మిట్ట సగంలో రైగో నాలుక బయటపెట్టాడు.

"నేను చెప్పింది నిజమే అన్నా!" అంటూ యుకినో పక్కనుంచి దాటిపోయింది.

ఇంటికొచ్చి, మెడలోని పూలదండ పెద్దమ్మకి అందేలా తల వంచింది. తోమె రెండు పూలు నమిలి మొహం చిట్లించింది. "చేదు! క్యారెట్లు పెట్టలేదా వాళ్లు?" కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. ఇప్పటికీ కోన్ కనిపిస్తే చాలు, రైగో కాలి గిట్టతోనే పలకరిస్తాడట.

నేర్పినవాళ్ల పేరు దాచనివాళ్లకి, దాచుకోవాల్సిన గుట్టంటూ ఏదీ ఉండదు.