సూరప్పడి ఇల్లు చిగురు తొడగడం

జీడిపాలెంలో సూరప్పడి ఇంట్లో వాళ్ళకి ఒక్కటే బెంగ. తమ తెలివికి ఎక్కడ దిష్టి తగుల్తుందోనని. అందుకే సూరప్పడి పెళ్ళాం పైడమ్మ ప్రతి ఆదివారం పొద్దుగూకే వేళ మొగుణ్ణీ, మరిది గుంపయ్యనీ పక్కపక్కన కూర్చోబెట్టి, గుప్పెడు ఉప్పు తీసి, ఒళ్ళంతా వదిలేసి తలకాయల చుట్టూ మాత్రమే తిప్పి పొయ్యిలో పడేసేది. గుంపయ్యకి అదీ చాలలేదు. నిద్రపోతే తెలివి చెవుల్లోంచి కారిపోతుందని రెండు చెవుల్లోనూ దూది కుక్కుకుని మరీ పడుకునేవాడు.

"ఊళ్ళో తెలివంతా మనింట్లోనే పోగుపడితే మిగతా వాళ్ళ గతేంటి మావా?" అని పైడమ్మ జాలిపడేది.

"మనం మాత్రం ఏం చేస్తామే? పంచితే అయిపోతుంది కదా" అనేవాడు సూరప్పడు.

ఇంత తెలివి ఉన్నా పైడమ్మ మనసులో ఒక దిగులుంది. ఆమె అన్న సింహాద్రి ఎదురింట్లోనే ఉంటాడు. అమ్మ పోయాక చెల్లెల్ని భుజాన వేసుకుని పెంచినవాడు. పెళ్ళి చేసి దూరం పంపడానికి మనసొప్పక ఎదురింటికే ఇచ్చుకున్నాడు. అలాంటి అన్న ఏడాదిగా ఆమెతో మాటలు మానేశాడు.

కిందటేడు సింహాద్రి పెళ్ళాంతో కలిసి సంతకి వెళ్తూ, "చెల్లే, కాస్త ఇల్లు చూస్తూ ఉండండి" అని చెప్పాడు. ఇంకేముంది, ముగ్గురూ తమ అరుగు మీద వరసగా కూర్చుని ఎదురిల్లు చూశారు. రెప్ప వెయ్యడానికి కూడా వంతులు వేసుకున్నారు. ఈలోగా ఆవులొచ్చి సింహాద్రి వాకిట్లో ఆరబోసిన పెసలన్నీ శుభ్రంగా మేసేశాయి. అందులో వీళ్ళ ఎర్రావు కూడా ఉంది. సాయంత్రం సింహాద్రి వచ్చి నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే గుంపయ్య దర్జాగా, "బావా, ఇల్లు చూసుకో. వెంట్రుకవాసి కదల్లేదు. పెసలు చూడమని నువ్వు చెప్పలేదు" అన్నాడు.

అంతే. "మళ్ళీ మీ గుమ్మం తొక్కితే ఒట్టు!" అనేసి సింహాద్రి తలుపేసుకున్నాడు.

తొక్కనన్నది గుమ్మం కదా అని పైడమ్మ మర్నాడే మొగుడిచేత గుమ్మం ఊడబెరికించింది. ఇంక తొక్కే పని లేదు, వస్తాడనుకుంది. రాలేదు. రోజూ పొద్దున్నే వేపపుల్ల నములుతూ అరుగు మీద కూర్చునేవాడు. చెల్లెల్ని చూడగానే మొహం తిప్పేసుకునేవాడు. అన్న ఎటు తిప్పుకుంటే పైడమ్మ కూడా అటే తిప్పుకుని, పోనీలే, ఇద్దరం ఒకే వైపు చూస్తున్నాం అని కళ్ళు తుడుచుకునేది.

ఇలా ఉండగా ఉగాది దగ్గర పడింది. పట్నం నుంచి ఒక పంతులుగారొచ్చి రచ్చబండ దగ్గర పందిరి కింద నాలుగు మంచి మాటలు చెప్పారు. ముగ్గురూ ముందు వరసలో కూర్చున్నారు. గుంపయ్య చెవుల్లో దూది తీసేసి మరీ విన్నాడు.

"వసంతం వచ్చింది నాయనా! చెట్టు చూడండి, పాత ఆకు రాల్చేస్తుంది. రాల్చాకే కొత్త చిగురు తొడుగుతుంది. మనమూ అంతే. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి, నేను మంచివాణ్ణి, నాకే లోటూ లేదు అని మనకి మనమే చెప్పుకోవాలి. చెప్పగా చెప్పగా అదే నిజమవుతుంది. కోపాన్ని పాతిపెట్టాలి. తప్పు చేసిన వాళ్ళని క్షమించాలి. మనది తప్పయితే క్షమించమని అడగాలి. అలా చేసిన మనిషి ఈ ఉగాదికి కొత్త మనిషైపోతాడు" అన్నారాయన.

పైడమ్మ లేచి నిలబడింది. "అలా చేస్తే మా అన్న నాతో మాట్లాడతాడా పంతులుగారూ?"

"తప్పకుండా మాట్లాడతాడమ్మా."

ఆ మాటతో పైడమ్మకి ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు తెల్లారగానే అద్దం కోసం వెతికారు. ఇంట్లో అద్దం లేదు. అందులో ఎవడో మొద్దుమొహం వాడు కాపరం పెట్టాడని గుంపయ్య ఎప్పుడో దాన్ని పెంటకుప్పలో పారేశాడు.

"దానికేం వదినా, నేను అద్దం అవుతాను" అన్నాడు గుంపయ్య. అన్న ఎదురుగా నిటారుగా నిలబడ్డాడు. సూరప్పడు ఎడం చెవి గోక్కుంటే వాడు కుడి చెవి గోక్కున్నాడు. సూరప్పడు మీసం దువ్వితే వాడు లేని మీసం దువ్వాడు.

"అబ్బ, ఎంత తేటగా ఉందే ఈ అద్దం!" అని సూరప్పడు మురిసిపోయి, "నేను మంచివాణ్ణి. నాకే లోటూ లేదు" అన్నాడు.

"నేనూ మంచివాణ్ణే" అంది అద్దం.

"అద్దం మాట్లాడదురా!"

"నాకా సంగతి తెలీదనుకున్నావా? అద్దం కాబట్టి ఊరుకుంటున్నాను" అంది అద్దం.

ఇంతలో సూరప్పడికి తుమ్మొచ్చింది. వాడు తుమ్మగానే అద్దం కూడా వాడి మొహం మీదే తుమ్మింది. "అద్దం చిట్లింది మావా, ఇవాళ్టికి చాలు" అని పైడమ్మ ఇద్దర్నీ విడదీసింది.

ఆ పూట నుంచి ఎవరేమడిగినా ఒకటే మాట. ఉప్పు బండివాడొచ్చి, "అమ్మా, ఉప్పు పొయ్యమంటావా?" అన్నాడు. "మాకే లోటూ లేదు!" అంది పైడమ్మ. నూనె డబ్బావాడొచ్చాడు. "మాకే లోటూ లేదు!" చప్పిడి కూర ముందు పెట్టుకుని ముగ్గురూ, "ఉప్పుంది, ఉప్పుంది" అనుకుంటూ తిన్నారు. సాయంత్రం బట్టలుతికే నూకాలు మూటతో వచ్చి, "ఇదిగో పైడమ్మా, మీ ఇంటిల్లిపాదివీ తెచ్చాను" అంది.

"మాకే లోటూ లేదు, పట్టుకుపో!"

"ఇవి మీ బట్టలే తల్లీ!"

"లోటు లేదంటే వినవేంటి!" అని పైడమ్మ మూట తిరిగి నూకాలు నెత్తికెత్తి వీధి చివరి దాకా తోసుకుంటూ వెళ్ళింది. ఇంకేముంది, పండక్కి కట్టుబట్టలే మిగిలాయి.

"బట్టలు పోతే పోయాయి. పాత ఆకు సంగతి చూడాలి" అన్నాడు సూరప్పడు. "మనకి పాత ఆకు ఎక్కడుంది?"

ముగ్గురూ తలలెత్తి చూశారు. పైన తాటాకు. నాలుగేళ్ళ కిందట నేసిన కప్పు, నల్లబడి, చివికిపోయి ఉంది.

"నెత్తి మీదే పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాం!" అని పైడమ్మ చప్పట్లు కొట్టింది.

అంతే. అన్నదమ్ములిద్దరూ పైకెక్కి తాటాకంతా పీకి కింద పడేశారు. రాలిన ఆకుని ఏం చేస్తారు? ఊడ్చి మంట పెడతారు. పెట్టారు. మర్నాడు మధ్యాహ్నానికి గోడలూ, వాసాలూ, పైన ఆకాశం మిగిలాయి. చిగురు రావాలంటే నీళ్ళు పొయ్యాలి కదా. పైడమ్మ నూతిలోంచి తోడి అందించింది, సూరప్పడు వాసాల మొదట్లో పోశాడు. కుండల్లో బియ్యం తడిశాయి, పక్కలు తడిశాయి, పొయ్యి ఆరిపోయింది.

"వచ్చిందేమో చూడరా" అంది పైడమ్మ.

గుంపయ్య పైకి చూసి కెవ్వున కేకేశాడు. "వచ్చింది వదినా! నడి వాసం మీద పచ్చగా వచ్చింది! కదుల్తోంది కూడాను!"

"లేత చిగురు కదా, గాలికి కదుల్తుంది."

"అయ్యో, ఎగిరిపోయింది వదినా!"

"ఏమంది?"

"కీ అంది."

పైడమ్మ నీరసంగా కూర్చుంది. పాత ఆకు రాల్చారు, మంచి మాట చెప్పుకున్నారు. ఎదురింటి అరుగు మీద అన్న మాత్రం ఇంకా అటే తిరిగి కూర్చున్నాడు. వదిన కూతురి పురిటికి వెళ్ళింది కాబోలు, రెండు రోజులుగా తనే వండుకుంటున్నాడు. చెయ్యి కాల్చుకున్నట్టున్నాడు, గుడ్డ చుట్టుకున్నాడు.

"కోపాన్ని పాతిపెట్టాలన్నారు కదా పంతులుగారు. అన్న కోపం ఎక్కడుంటుంది మావా?"

"అందులో అడగడానికేముందే? మీ అన్నకి ముక్కు మీదే కోపమని ఊరంతా అంటారు కదా."

"అయితే పాతాల్సింది ముక్కు!"

ముందు సరిపోతుందో లేదో చూడాలని తమ వాకిట్లో చిన్న గొయ్యి తవ్వి, సూరప్పణ్ణి బోర్లా పడుకోబెట్టి ముక్కు అందులో పెట్టి మట్టి కప్పారు. వాడు కాసేపు గిలగిల్లాడి ఎర్రగా లేచాడు. "కోపం పోయిందా మావా?" అంటే, "కోపం సంగతి తెలీదు, ఊపిరి పోయింది" అన్నాడు.

"సరిపోయిందంటే చాలు" అని ముగ్గురూ పార పట్టుకుని సింహాద్రి వాకిట్లోకి వెళ్ళారు. పైడమ్మ ఎంతో ప్రేమగా, "అన్నా, నీ ముక్కు ఒక్కసారి ఇవ్వు. పాతిపెట్టేసి వెళ్ళిపోతాం" అంది.

సింహాద్రి చెల్లెల్ని చూశాడు, పార చూశాడు, చేతికర్ర అందుకున్నాడు. ఇంకేముంది, ముగ్గురూ పరుగు. పరిగెడుతూనే పైడమ్మ, "క్షమించాం అన్నా! నిన్ను క్షమించేశాం!" అని అరిచింది.

"నన్ను మీరు క్షమిస్తారా!" సింహాద్రికి ఒళ్ళు మండిపోయింది. "పెసలు పోయింది నావి! తప్పెవరిది?"

ఆ మాట పైడమ్మ మనసులో ముల్లులా గుచ్చుకుంది. తప్పెవరిది? రాత్రి పైనున్న చుక్కల్ని చూస్తూ అదే ఆలోచించింది. తెల్లారేసరికి తేలిపోయింది. పెసలు తిన్నది ఎర్రావు. కాబట్టి క్షమించమని అడగాల్సింది ఎర్రావు.

ఉగాది పొద్దున్నే ఎర్రావుకి స్నానం చేయించి, పసుపు రాసి, ముగ్గురూ ముందుకి లాగి, వెనక నుంచి తోసి సింహాద్రి వాకిట్లోకి తోలుకొచ్చారు. ఈ ఏడు పెసలు అప్పుడే ఎండకి పోసి ఉన్నాయి. ఎర్రావు తల దించింది.

"చూడన్నా, తల వంచింది!" అంది పైడమ్మ ఆనందంగా.

ఎర్రావు మేత మొదలెట్టింది.

సింహాద్రి కర్ర పట్టుకుని ఉరికొచ్చాడు. పైడమ్మ ఆవు మెడ రెండు చేతులా కావిలించుకుని, "అడగవే! క్షమించమని అడగవే! నీ వల్ల మా అన్న నాతో మాట్లాడ్డం లేదే! ఏడాదయిందే!" అని భోరుమంది. ఆవు నములుతూ ఉంది. పైడమ్మ కన్నీళ్ళు దాని నుదుటి పసుపు మీద కారుతున్నాయి. "అన్నా, దీనికి మాటలు రావు. దీని బదులు నేనే అడుగుతున్నాను. క్షమించు."

ఎత్తిన కర్ర ఎత్తినట్టే ఉండిపోయింది. సింహాద్రి చెల్లెలి మొహం చూశాడు. ఆవు మొహం చూశాడు. ఇద్దరి ముక్కులకీ పసుపే. నవ్వాపుకోవాలని చూశాడు గానీ ఆగలేదు. కర్ర పారేసి, పొట్ట పట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"ఓసి పిచ్చిదానా! క్షమించాను. నిన్నూ క్షమించాను, నీ మొగుణ్ణీ క్షమించాను, ఆ గుంపిగాణ్ణీ క్షమించాను."

"మరి ఆవుని?" అంది పైడమ్మ.

"ఆవునీ క్షమించాను. ముందు దాన్ని పక్కకి లాగండిరా!"

నలుగురూ కలిసి మిగిలిన పెసలు లోపలికి చేరవేశారు. అన్నాచెల్లెళ్ళు కలిసి వేపపూత దూసుకొచ్చి పచ్చడి చేసుకున్నారు. సింహాద్రి వీళ్ళ ఇంటి వైపు చూడనే చూడలేదు. మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టి వాన మొదలైతే అప్పుడు చూశాడు.

"చెల్లే, మీ కప్పేదే?"

"చిగురుస్తోంది అన్నా."

సింహాద్రి నుదురు కొట్టుకుని మళ్ళీ నవ్వాడు. "సరే, చిగురించే దాకా ముగ్గురూ ఇక్కడే ఉండండి. మొహమాటపడొద్దు. ఇది మీ ఇల్లే అనుకోండి" అన్నాడు. ఆవు తడిసిపోతోందని దాన్ని పాకలో కట్టేసి రావడానికి గోనెసంచి కప్పుకుని బయటికెళ్ళాడు.

లోపల ముగ్గురూ కళ్ళు మూసుకుని, "ఇది మా ఇల్లే, ఇది మా ఇల్లే" అని అనుకోమన్నట్టే అనుకున్నారు. పంతులుగారు చెప్పింది నిజమే. అనుకోగా అనుకోగా అది వాళ్ళ ఇల్లైపోయింది.

కాసేపటికి ఎవరో తలుపు తట్టారు. పైడమ్మ తీసి చూస్తే వానలో తడిసి ముద్దయి అన్న!

"అన్నా! మా ఇంటికొచ్చావా!" పైడమ్మ అన్న చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. "మావా, చూడు! అన్న మనింటికొచ్చాడు!"

ఇంక వాళ్ళ హడావుడి చూడాలి. సూరప్పడు కాళ్ళకి నీళ్ళిచ్చాడు. గుంపయ్య పీట వేశాడు. పైడమ్మ విస్తరేసి, సింహాద్రి వండుకున్న పులిహోరే సింహాద్రికి కొసరి కొసరి వడ్డించింది. "తిను అన్నా, సిగ్గుపడకు" అంది. సింహాద్రి ఏదో అనబోతే నోట్లో బొబ్బట్టు పెట్టింది.

అది మింగి అతను, "ఒరే, ఇది నా ఇల్లురా!" అన్నాడు.

"ఎంత మాటన్నావు బావా!" అని సూరప్పడు అతని చేతులు పట్టుకున్నాడు. "మా ఇల్లూ నీ ఇల్లూ వేరా? నీ ఇల్లే అనుకో."

పొద్దు వాలుతుంటే పైడమ్మ బొట్టు పెట్టి, పళ్ళూ తమలపాకులూ చేతిలో పెట్టింది. "చీకటి పడకముందే వెళ్ళన్నా, ఎదురుగానే కదా. ఇలా తరచూ వస్తూ ఉండు" అని వాకిట్లోకి సాగనంపి, తలుపేసి గడియ పెట్టింది.

బయట హోరున వాన. తలుపు మీద దబదబా బాదుడు. "తియ్యవే పైడీ! ఒసే, తలుపు తియ్యవే!"

పైడమ్మ తలుపుకి చెవి ఆనించి, కొంగుతో కళ్ళొత్తుకుంది.

"విన్నావా మావా? ఏడాది పాటు మన మొహం చూడని అన్న, ఇప్పుడు చూడు, పొమ్మన్నా పోవట్లేదు!"